పొపాయ్ డబ్బా, సెలైన్ సీసా

నా బాల్యంలో టెలివిజన్ లేదు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలయ్యే నాటికి నేను వైద్యవిద్య ముగించుకొని ఉద్యోగంలో చేరి ఉన్నాను. కనుక నేను కార్టూన్ చిత్రాలను చూసింది నా పిల్లల బాల్యంలో. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి వచ్చింది. ఆ తరువాత కొంతకాలానికి కేబుల్ తీగ మా ప్రభుత్వ క్వార్టర్సుకూ చేరింది. నేను డ్యూటీ ముగించుకొని ఇంటికి వచ్చేసరికి ముందుగదిలో టామ్ జెర్రీని తరుముతూనో, పొపాయ్ బ్లూటోను ఎగరేసి కొడుతూనో కనిపించేవారు. ఇంగ్లీషు అంతంత మాత్రంగా తెలిసిన పిల్లలు కూడా పడీ పడీ నవ్వేవారు. టామ్, జెర్రీల కథలకు భాషతో పని లేదు కదా!

నలభైలలో ఉన్న పాఠకులారా, ఆ బొమ్మలు మీ బాల్యపు ఆస్తి. ఈపాటికి మీరు వాటిని వెతికి మీ పిల్లలకు చూపిస్తూ ఉంటారు. ఈ వేసవిలో మా అబ్బాయి కూడా అదే పని చేశాడు. తాత, తండ్రి, మనవడు ముగ్గురం కలిసి చూశాం, కలిసి నవ్వాం. అయితే ఇన్నేళ్లు రోగులను చూసిన కళ్లు ఊరికే ఉండవు. ఆ లోకంలో అన్నీ ఉన్నాయి గాని, శరీరానికి పట్టే కాలం ఒక్కటే లేదని నాకు అనిపించింది. బలం ఒక్క గుటకలో వస్తుంది. గాయం రెప్పపాటులో మానుతుంది. పొగ తాగేవాడికి ఏనాడూ దగ్గు రాదు. వినోదానికి ఆ సౌకర్యం అవసరమే, దాన్ని నేను తప్పు పట్టను. కాని అటువంటి నమ్మకాలతోనే పెద్దవాళ్లు ఆసుపత్రికి రావడం ముప్ఫై ఏళ్లకు పైగా చూసినవాణ్ణి కనుక మీతో నాలుగు మాటలు పంచుకోవాలనిపించింది.

ముందు పొపాయ్ సంగతి. ఈ నావికుడు పుట్టింది టెలివిజన్‌లో కాదు, వార్తాపత్రికలో. ఇ.సి. సెగార్ అనే అమెరికన్ చిత్రకారుడు 1929లో తన బొమ్మల ధారావాహికలో అతణ్ణి ప్రవేశపెట్టాడు. 1933లో ఫ్లైషర్ స్టూడియో అతణ్ణి వెండితెరకు ఎక్కించింది. 1956లో ఆ చిత్రాలు టెలివిజన్‌కు చేరాయి. విచిత్రమేమిటంటే మొదట్లో పొపాయ్‌కు పాలకూరతో సంబంధమే లేదు. తొలి కథలో ఒక మాయకోడి తల నిమిరి అతడు ప్రాణాలు నిలుపుకొన్నాడు. పాలకూర తరువాత వచ్చింది. వచ్చాక ఎంత పేరు తెచ్చుకుందంటే, ఆ పంట పండించే టెక్సస్‌లోని క్రిస్టల్ సిటీలో 1937లో పొపాయ్‌కు విగ్రహం నిలబెట్టారు.

పొపాయ్ పాలకూర తినడానికి కారణం అందులోని ఇనుము అని చాలామంది అనుకుంటారు. దీని మీద ఒక కథ కూడా ఉంది. ఎవరో శాస్త్రవేత్త లెక్కలో దశాంశ బిందువును తప్పుచోట పెట్టడంతో పాలకూరలో ఇనుము పదింతలుగా నమోదైందని చెబుతారు. 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక వ్యాసం వల్ల ఈ కథ వైద్యలోకంలో బాగా వ్యాపించింది. తరువాత మూలాలు వెతికినవారికి అటువంటి పొరపాటు జరిగిన ఆధారమేదీ దొరకలేదు. సెగార్ బొమ్మలలో పొపాయ్ స్వయంగా చెప్పిన కారణం ఇనుము కాదు, ఎ విటమిన్! ఒక అపోహను సరిదిద్దడానికి పుట్టిన కథ మరో అపోహగా స్థిరపడిందన్న మాట.

“తాతయ్యా, పాలకూర తింటే వెంటనే కండలు వస్తాయా?” అని మా మనవడు అడిగాడు. “పాలకూర మంచిదే నాన్నా, ‘వెంటనే’ అన్న మాటే అబద్ధం” అన్నాను.

వాడికి చెప్పినదాన్నే మీకు కొంచెం వివరంగా చెబుతాను. వంద గ్రాముల పాలకూరలో సుమారు 3 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఒక ఆకుకూరకు అది తక్కువేమీ కాదు. కాని అందులోని ఆక్జలేట్లు, మరికొన్ని పదార్థాలు అడ్డుపడటం వల్ల పేగులు ఆ ఇనుములో కొద్ది వంతునే గ్రహించగలవు. మాంసం, కాలేయం, చేపలలోని ఇనుము అంతకంటే సులువుగా ఒంటికి పడుతుంది. శాకాహారులు నిరాశపడనక్కరలేదు. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకోండి. భోజనంతో పాటు ఉసిరికాయో, జామపండో తీసుకోండి. వాటిలోని సి విటమిన్ ఇనుమును గ్రహించడానికి తోడ్పడుతుంది. భోజనం అయిన వెంటనే టీ, కాఫీ తాగితే ఆ లాభం తగ్గిపోతుంది. కనీసం ఒక గంట ఆగండి.

పొపాయ్‌కు ఉన్నట్టే మన ఊళ్లలోనూ ఒక డబ్బా ఉంది. దాని పేరు సెలైన్ సీసా. “నీరసంగా ఉంది డాక్టరు గారూ, బలానికి ఒక సీసా ఎక్కించండి” అన్న మాట వినని ప్రభుత్వ వైద్యుడు మన రాష్ట్రాలలో ఉండడు. ఆ సీసాలో ఏముందో లెక్క వేద్దాం. అర లీటరు సాధారణ సెలైన్‌లో ఉండేది నీరు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. శక్తి సున్న. అర లీటరు 5 శాతం గ్లూకోజు ద్రావణంలో 25 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే నూరు కేలరీల లోపే. రెండు మూడు ఇడ్లీలు అంతకంటే ఎక్కువ శక్తినిస్తాయి, సూది పోటు లేకుండా. విరేచనాలతో శరీరంలో నీరు ఇంకిపోయినవారికి, శస్త్రచికిత్స జరిగినవారికి సెలైన్ ప్రాణం పోస్తుంది. నీరసానికి మాత్రం అది మందు కాదు. నీరసానికి కారణం వెతకాలి.

మన స్త్రీలలో ఆ కారణం చాలాసార్లు రక్తహీనత. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మంది, ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలలో 67 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు.

నేను ఒక మెట్ట ప్రాంతపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్న రోజుల్లో కూలి పనికి వెళ్లే ఒక యువతి వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం, కాళ్లు లాగుడు, ఎప్పుడూ పచ్చి బియ్యం తినాలన్న కోరిక. కనురెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. హిమోగ్లోబిన్ ఆరు గ్రాములు. గర్భిణులు కాని స్త్రీలలో అది 12కు తగ్గకూడదు. అప్పటికే ఆమె తన కూలి డబ్బులతో మూడుసార్లు సెలైన్ ఎక్కించుకొంది. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగే మనిషి కనుక మలపరీక్ష చేయించాను. కొంకిపురుగులు కనిపించాయి. వాటికి మందు ఇచ్చి, ఐరన్ మాత్రలు రాశాను.

పదో రోజున మళ్లీ వచ్చింది. “బలం రాలేదు సారూ. విరేచనం నల్లగా అవుతోంది. వేడి చేసిందని మా అత్త మాత్రలు మానేయమంది. ఒక సీసా ఎక్కించండి” అంది. మలం నల్లబడటం ఆ మాత్రల సహజ గుణమనీ, భయం లేదనీ చెప్పాను. తరువాత, “విత్తు వేసిన పదో రోజున కొడవలి పట్టుకొని చేలోకి వెళ్తావా అమ్మా?” అని అడిగాను. ఆమె నవ్వింది. ఆ తరువాత మాత్రలు మానలేదు. నెల రోజులకు హిమోగ్లోబిన్ ఎనిమిది దాటింది. నాలుగో నెలలో పన్నెండుకు చేరువైంది. బియ్యం మీది కోరిక తనంతట తానే పోయింది.

ఆమెకు చెప్పిన పంట పోలిక శాస్త్రానికి దూరం కాదు. రక్తంలోని ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ఇనుము అందగానే ఎముకల మూలుగ కొత్త కణాలను తయారుచేయడం మొదలుపెడుతుంది. వారం, పది రోజులకు ఆ మార్పు సూక్ష్మదర్శినికి అందుతుంది గాని మనిషికి బలంగా తెలియదు. హిమోగ్లోబిన్ పెరగడానికి వారాలు పడుతుంది. అది సరైన స్థాయికి వచ్చాక కూడా శరీరంలో ఇనుము నిల్వలు నిండటానికి మరో మూడు నెలలు మాత్రలు వాడాలి. చాలామంది ఈ చివరి మూడు నెలలే వదిలేస్తారు. ఏడాది తిరగకుండా మళ్లీ అదే నీరసంతో వస్తారు.

ఇక టామ్, జెర్రీల విషయం. విలియమ్ హానా, జోసెఫ్ బార్బెరా 1940లో సినిమా హాళ్ల కోసం సృష్టించిన ఈ జంట ఏడు ఆస్కార్ బహుమతులు గెలుచుకుంది. ఆ చిత్రాలలో తరచుగా వచ్చే హాస్య సన్నివేశం మీకు గుర్తుండే ఉంటుంది. బాంబు పేలదు. ఎందుకు పేలలేదా అని పిల్లి వంగి చూస్తుంది. అప్పుడు పేలుతుంది. ముఖం మసి అవుతుంది, కళ్లు రెండూ టపటపలాడతాయి. మరుక్షణంలో మళ్లీ పరుగు.

దీపావళి రాత్రి ఆసుపత్రిలో డ్యూటీ చేసినవారికి ఈ సన్నివేశం మరోలా తెలుసు. అంటుకోని చిచ్చుబుడ్డి మీదికి వంగి చూసిన తొమ్మిదేళ్ల బాలుణ్ణి ఒక ఏడాది తండ్రి భుజాన వేసుకొని తెచ్చాడు. ముఖం మీది మసి మేము తుడిచాం. చర్మం మానడానికి వారాలు పట్టింది. కుడికంటి చూపు పూర్తిగా తిరిగి రాలేదు. కార్టూన్లు చూసి అలా చేశాడని నేను అనను. టీవీలు లేని రోజుల్లోనూ పిల్లలు వంగి చూశారు. ‘తరువాత ఏమవుతుంది’ అన్న భాగం ఆ బొమ్మల్లో ఉండదు కనుక, దాన్ని చెప్పవలసింది మనమే.

ఒళ్లు కాలితే వెంటనే కుళాయి నీటి కింద ఇరవై నిమిషాలు ఉంచండి. టూత్‌పేస్టు, సిరా, ఐసుగడ్డ వద్దు. తలకు దెబ్బ తగిలిన పిల్లవాడు మాటిమాటికీ వాంతులు చేసుకొంటున్నా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, చెవి లేదా ముక్కు నుంచి రక్తమో నీరో కారుతున్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లండి. చెయ్యి విరిగితే నొప్పి తగ్గింది కదా అని పిండికట్టును ముందే విప్పించవద్దు. నొప్పి పోయిన తరువాత కూడా ఎముక అతుక్కొంటూనే ఉంటుంది.

కాలం లేకపోవడంలో మరో ప్రమాదం ఉంది. మేలు వెంటనే రానట్టే, కీడు కూడా వెంటనే రాదు. పొపాయ్ నోట్లో పైపు ఎప్పుడూ ఉంటుంది. అతడికి ఆయాసం ఎప్పుడూ రాదు. 1960లో మొదలైన ‘ఫ్లింట్‌స్టోన్స్’ పాత్రలు తొలి రోజుల్లో సిగరెట్ల ప్రకటనలలో కూడా కనిపించాయి. టామ్ పొగతాగే దృశ్యాల మీద 2006లో బ్రిటన్‌లో ఫిర్యాదు రాగా, అటువంటి దృశ్యాలను తొలగించడానికి ప్రసారకులు పూనుకొన్నారు. పొగాకు హాని ఇరవై, ముప్ఫై ఏళ్లు ఆగి వస్తుంది. ఆరు నిమిషాల బొమ్మలో దానికి చోటు ఎక్కడ? మన ఉత్తరాంధ్ర తీరగ్రామాలలో చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకొని అడ్డపొగ తాగే స్త్రీలు ఉన్నారు. “మా అమ్మ కూడా తాగింది బాబూ, ఏమీ కాలేదు” అంటారు. వారిలో కొందరికి నడివయసు దాటాక అంగిలి మీద పుండుగా మొదలై క్యాన్సర్ బయటపడుతుంది. అప్పటికి దానికి కారణమైన మొదటి చుట్ట ఎవరికీ గుర్తుండదు.

పిల్లలకు పాత కార్టూన్లు చూపించండి. వారి పక్కన కూర్చొని చూడండి, నవ్వండి. బొమ్మ అయిపోయాక, నిజంగా అయితే ఇలా మానడానికి ఎన్ని రోజులు పడుతుందో ఒక్క మాట చెప్పండి. పిల్లలు ఆ లెక్కలను ఆసక్తిగా వింటారు.

మీరు చేయవలసిన పని మరొకటి ఉంది. మీ ఇంటి అలమరలో ఐరన్ మాత్రల పట్టీ సగం వాడి వదిలేసినది ఉందేమో చూడండి. అవి ఎవరి కోసం తెచ్చినవో వారిని దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. రక్తహీనతలన్నీ ఇనుము లోపం వల్ల వచ్చేవి కావు కనుక వైద్యుని సలహా మీదనే మళ్లీ మొదలుపెట్టండి. మాత్ర కడుపులో తిప్పితే మానేయకండి, ఆ సంగతి వైద్యునికి చెప్పండి, వేళనో మోతాదునో మారుస్తారు. ఆ పట్టీని చిన్నపిల్లలకు అందని ఎత్తులో ఉంచండి. రంగురంగుల బిళ్లలని నాలుగైదు మింగినా పసివారికి అది విషమే. పెద్దవారు మాత్రం రోజుకు ఒకటిగా, చెప్పినన్ని నెలలూ వాడండి.