చదువుకున్న కత్తెర

కత్తిరించడం గొప్ప విద్య కాదు; ఎక్కడ కత్తిరించాలో తెలియడమే విద్య. దర్జీకైనా అంతే, పత్రికా సంపాదకుడికైనా అంతే. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి జీవశాస్త్రంతో పనేమిటంటారా? మా కామవరపుకోట మెట్టలో బోరు నీళ్ళు నమ్ముకుని వరి వేసే మావయ్య ఒకాయన ఉన్నాడు. ఆయన ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి గదా!

2025 మే 4న కేంద్ర ప్రభుత్వం రెండు కొత్త వరి వంగడాలు ప్రకటించింది. రెండింటికీ పుట్టిల్లు మన ఆంధ్రదేశమే. బాపట్ల సాంబమసూరి నుంచి హైదరాబాదు వరి పరిశోధన సంస్థవారు తీర్చినది ‘కమల’. మన మార్టేరు కాటన్‌దొర సన్నాల నుంచి ఢిల్లీవారు తీర్చినది ‘పూసా డి.ఎస్.టి. రైస్ 1’. కమల తల్లికంటే సుమారు 20 రోజుల ముందే కోతకొస్తుందని శాస్త్రజ్ఞుల మాట. మెట్ట రైతుకు అది 20 రోజుల నీళ్ళు!

“సంకరం చెయ్యకుండానే వంగడం ఎలా మారింది అల్లుడూ?” అన్నాడు మావయ్య.

ప్రతి జీవకణంలోనూ డి.ఎన్.ఎ. అనే రాత ఉంది. అక్షరాలు నాలుగే. దాన్ని కోసే ఎంజైములు బాక్టీరియాలలో ఉన్నాయి. కాని ఒక్కొక్కదానికి ఒక్క మాటే వచ్చు. ఇకో-ఆర్-వన్ అనేదానికి తెలిసిన మాట జి-ఎ-ఎ-టి-టి-సి. ఎదుటి పోగు మీద వెనకనుంచి చదివినా అదే మాట; మన ‘వికటకవి’కి చుట్టమన్నమాట! ఇంత పొట్టి మాట వరి రాతలో వేలచోట్ల తగులుతుంది. పోనీ పొడుగు మాట నేర్పుదామంటే, ఇలాంటి ఎంజైములో చదివే భాగమూ కోసే భాగమూ పెనవేసుకుని ఉంటాయి. ఒకటి కదిపితే రెండోది చెడుతుంది.

1996లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు శ్రీనివాసన్ చంద్రశేగరన్ బృందం ఒక ఉపాయం చూపించింది. ఫాక్-వన్ అనే ఎంజైములో ఆ రెండు భాగాలూ వేరువేరుగా ఉంటాయి. దాని కోసే భాగాన్ని తెచ్చి, చదవడం వచ్చిన వేరే ప్రొటీనుకు అతికారు. అయినా కొత్త మాటకల్లా కొత్త ప్రొటీను కట్టాలి. 2012లో డౌడ్నా, షార్పెంటియర్ ఆ శ్రమా తప్పించారు. కాస్-9 అనే కత్తెరకు 20 అక్షరాల ఆర్.ఎన్.ఎ. చీటీ ఇస్తే ఆ మాట వెతికి కోస్తుంది. చీటీ మారిస్తే చోటు మారుతుంది. 2020లో వారికి నోబెల్ బహుమానం వచ్చింది.

కమలలో ఈ క్రిస్పర్ పద్ధతితోనే, గింజల సంఖ్యకు కళ్ళెం వేసే జన్యువును కోశారు. కోసినచోట మొక్క తానే అతుకు వేసుకుంటుంది. ఆ అతుకులో అక్షరం తప్పి కళ్ళెం సడలుతుంది.

మావయ్య అంతా విని, “కత్తెర ఎవరిది?” అన్నాడు.

విదేశీయుల పేటెంట్లున్నాయని చెప్పాను.

“అయితే గింజ ఎవరిది?”

రైతు తన పంటలోని విత్తనం దాచుకోవచ్చు, మళ్ళీ వేసుకోవచ్చు, ఇరుగుపొరుగుకు ఇవ్వవచ్చునని 2001 నాటి చట్టం చెబుతోంది. ఆ వాక్యం మీద మాత్రం ఏ కత్తెరా పడకూడదు.