ఎమ్మారైకి చిక్కని చుక్క

సూరత్ లింబాయత్‌లో సాంచెల మీద పనిచేసే మా మేనమామకు ఏళ్ల తరబడి ఒకటే బాధ. ఉన్నట్టుండి కుడిచేయి అదురుతుంది, కాసేపు మాట తడబడుతుంది, మళ్లీ మామూలే. నరాల బలహీనతని బలం గోలీలు, గాలి సోకిందని ఊరి నుంచి తాయెత్తు. ఎమ్మారై తీస్తే ‘నార్మల్’. ఇక వేషాలన్నారు ఇంట్లోవాళ్లు.

మొన్న ఇంకో డాక్టరు సీటీ రాశాడు. మెదడు ఎడమవైపు మినపగింజంత తెల్లచుక్క. ‘కాల్సిఫైడ్ గ్రాన్యులోమా’ అని చదివించుకుని క్యాన్సరేమోనని అత్తమ్మ ఒకటే ఏడుపు. అది ఎప్పుడో చచ్చి సున్నం కట్టిన బద్దెపురుగు పిల్ల తాలూకు మచ్చట, మామకు వస్తున్నవి దానివల్ల ఫిట్సేనట. సున్నం సీటీలో తెల్లగా మెరుస్తుంది, ఎమ్మారైలో తప్పిపోవచ్చు. ఖరీదైన స్కానే గొప్పదనుకునే మావాళ్లకు ఇది మింగుడుపడలేదు.

పందిమాంసం తింటేనే ఆ పురుగు వస్తుందనుకుని, "మనం పందిమాంసం ముట్టం గదరా!" అన్నాడు మామ. ముట్టక్కర్లేదు. కడుపులో ఆ పురుగున్న మనిషి మలంలోని గుడ్లు చేతులకో, కడగని కొత్తిమీరకో అంటి మన నోట్లోకి వస్తే చాలు. ఫిట్స్ వచ్చినవాళ్ల సీటీలో కనిపించే చిన్న మచ్చల్ని మన దేశంలో ఒకప్పుడు టీబీ గడ్డలనుకుని టీబీ మందులే మింగించేవారు. 1980ల చివర్లో వెల్లూరు సీఎంసీ డాక్టర్లు వాటిని తీసి పరీక్షించి, చాలావరకు ఈ పురుగువేనని తేల్చారు.

చచ్చినదానికి పురుగును చంపే మందు వద్దు, ఫిట్స్ గోలీ మాత్రం మానొద్దన్నాడు డాక్టరు. నిద్ర చెడితే ఫిట్స్ రేగుతాయి, రాత్రి పాళీ కూడా వద్దన్నాడు. సేఠ్ పగటి పాళీ ఇస్తాడా అన్నదే ఇప్పుడు ఇంట్లో పంచాయితీ.