తాతగారి రివాల్వర్... చక్రం చెప్పే రహస్యం!

కామారెడ్డికి దగ్గర్లోనే దోమకొండ గడికోట. ఎల్లారెడ్డి దాటి మెదక్ దారి పడితే పోచారం చెరువు, దాని చుట్టూ ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి. గడీలూ వేటలూ ఉన్న సీమ కదా... పాత తుపాకీల ముచ్చట రాకుండా ఉంటుందా? 'మా తాత నాటి మిలటరీ రివాల్వర్' అని ఎవరైనా చూపిస్తే అది పుట్టినప్పటి రూపంలోనే ఉందా అన్నది తెలిసేదెలా?

తూటాలు పట్టే గుండ్రటి సిలిండర్‌ను చూస్తే చాలు!

బ్రిటిష్ సైన్యం 1915లో తీసుకున్న వెబ్లీ మార్క్-6 సంగతే చూడండి. దాని తూటా .455. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇవి అమెరికా మార్కెట్‌కి కుప్పలుగా చేరాయి. అక్కడ ఈ తూటా కరవు, .45 ఏసీపీ మాత్రం బోలెడు. దాన్ని క్లిప్పుతో పట్టించడానికి సిలిండర్ వెనకభాగాన్ని అరగదీశారు. పక్కనుంచి చూస్తే సిలిండర్‌కీ వెనకనున్న ఇనుప గోడకీ మధ్య సందు మామూలుకన్నా ఎక్కువ కనిపిస్తుంది. అరగదీసిన చోట లేతు గీతలూ ఉండొచ్చు.

ఇక నంబరు. ఫ్రేము మీదున్నదీ సిలిండర్ మీదున్నదీ కలవకపోతే చక్రం మారినట్టే. కలిసినా నమ్మేయకూడదు. నంబరుండేది పక్కన, అరగదీసేది వెనక! అసలు ప్రమాదం కూడా ఇక్కడే. ఏసీపీ తూటా ఒత్తిడికి ఆ పాత సిలిండర్ పగిలిపోవచ్చు. 'ఓసారి పేల్చి చూద్దాం' అనుకోవద్దు.

అలాగని ప్రతి మార్పూ మోసం కాదు. మందు కూరి పేల్చే బ్యూమాంట్-ఆడమ్స్ రివాల్వర్లను 1868లో సైన్యమే తూటాలకు అనువుగా మార్పించింది. వాటికి ఆ మార్పే చరిత్ర.

ఇది దోమకొండలో నడుస్తుంటే బాగా అర్థమవుతుంది. 18వ శతాబ్దపు కోటలో తర్వాతి కాలాల కట్టడాలూ ఉన్నాయి. దేన్నీ చెరిపేయకుండా కాపాడుకున్నందుకే 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం దక్కింది. బాగుచేయడం వేరు, ఆనవాలు చెరపడం వేరు.

అందుకే ఇంట్లో పాత రివాల్వర్ ఉంటే ఉప్పుకాగితం పెట్టి రుద్దకండి, గుర్తులు పోతాయి. లైసెన్సు సంగతి పోలీసులను అడగండి. 2019 చట్ట సవరణ ప్రకారం వారసత్వంగా వచ్చినవైనా సరే, ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. తాతగారి జ్ఞాపకం మనకు తలనొప్పి కాకూడదు కదా!