దుందుభి వాగులో విత్తనపు చేపలు

హైదరాబాదు నుండి శ్రీశైలం పోయే దారిలో వంగూరు గేటు దాటిన తరువాత డిండి వస్తుంది. అక్కడ నిజాం పాలన చివరి కాలంలో, 1940ల తొలి ఏండ్లలో కట్టిన జలాశయం ఉంది. దాని పక్కనే రోడ్డు వంతెన. వానలు బాగా కురిసి అలుగు దుంకిన ఏడు బస్సులోని వారందరూ కిటికీల వైపు ఒరిగి చూస్తారు. గత సెప్టెంబరులో మా ఇద్దరు పిల్లలతో కలిసి మేము ఆ వంతెన దగ్గర దిగాము. జలాశయానికి ఎగువన, వాగు గట్టున ఉన్న మా ఊరిని వారికి చూపించాలని చాలా కాలంగా మా కోరిక.

ఈ జలాశయాన్ని నింపేది మా దుందుభి వాగు. మిడ్జిల్ వైపు నుండి పాలమూరు మెట్ట పొలాల నడుమ పారుతూ వచ్చి, డిండి దగ్గర ఆగి, దిగువన డిండి వాగు అనే పేరుతో కృష్ణానదిలో కలుస్తుంది. మా చిన్నతనంలో ఆ దిగువ వాగే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు సరిహద్దు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినప్పుడు మా వైపు గ్రామాలు నాగర్‌కర్నూలు జిల్లాలోకి వెళ్ళాయి. సాధారణంగా ఏడాదికి 600, 700 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. వాగు నాలుగైదు నెలలు పారితే గొప్ప. మిగతా కాలమంతా ఇసుకే. ఆ ఇసుకలో చెలిమె తీసి, ఊరిన నీళ్ళను కొబ్బరి చిప్పతో తోడి మా అమ్మ కుండ నింపేది. ఫ్లోరైడు నీళ్ళకు పేరుబడిన మా ప్రాంతంలో చెలిమె నీళ్ళే మాకు తీపి నీళ్ళు.

మాకు చేపలు పట్టడం నేర్పినది మా తాత. ఆయనకు అక్షరం రాదు గాని వాగులో ప్రతి మలుపూ తెలుసు. జాలారి వెనుక తడి మట్టి తవ్వి ఎర్రలు తీసేవాళ్ళము. వెదురు బద్దకు నైలాన్ దారం కట్టి, మధ్యలో జొన్న బెండు ముక్క గుచ్చితే గాలం సిద్ధమయ్యేది. బెండు కొద్దిగా వణికితే పరక. ఒక్కసారిగా మునిగి పక్కకు పరుగెత్తితే జెల్ల. దొరికిన వాటిని మొప్పల్లో ఈతకమ్మ ఈనె దూర్చి, వేలాడదీసుకొని ఇంటికి తెచ్చేవాళ్ళము. చింతపండు పులుసు, జొన్నరొట్టె. ఆ పూట మా ఇంట్లో పండుగే.

తాతకు రెండు కట్టుబాట్లు ఉండేవి. ఒకటి, ఎర్ర ముద్ద కనబడిన చోట గాలం వేయరాదు. కొర్రమీను పిల్లలు ఎర్రగా, గుంపుగా, నీటి మీద ముద్దలాగా తిరుగుతాయి. వాటి కిందనే తల్లిదండ్రులు కావలి ఉంటాయి. అప్పుడు వాటిని పట్టుకోవడం చాలా తేలిక, పిల్లల్ని విడిచి అవి దూరం పోవు. పెద్ద చేపను తీసిన గడియ నుండి ఆ పిల్లలకు దిక్కుండదు, కప్పలూ కొంగలూ తినివేస్తాయి.

రెండవది, ఎండాకాలంలో పెద్ద మడుగు జోలికి పోరాదు. ఊరికి ఎగువన రెండు బండల నడుమ ఒక మడుగు ఉండేది. వాగంతా ఎండినా అందులో నడుము లోతు నీళ్ళు నిలిచేవి. అవి విత్తనపు చేపలని తాత చెప్పేవాడు. తొలకరికి వాగు వచ్చినప్పుడు అవే ఎదురెక్కి, గుడ్లు పెట్టి, మళ్ళీ వాగును నింపుతాయి. రైతు విత్తనాల గింజలను వేరే గుమ్మిలో దాచినట్లే ఆ మడుగును ఊరు దాచుకొనేది.

1989 ఎండాకాలంలో ఆ కట్టుబాటును మేమే తప్పాము.

మా నాన్నగారు గుంపు మేస్త్రీ వెంట దూర రాష్ట్రాలకు ఆనకట్టల పనికి వెళ్ళేవారు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా ఎరిగిన మాట గదా. ఎనిమిది నెలల తర్వాత ఆయన ఆ మే నెలలో ఇంటికి వచ్చారు. చెక్కిళ్ళు లోపలికి పోయి, చేతులు కాయలు కాచి, మా అమ్మే గుర్తుపట్టలేనట్లు ఉన్నారు. ఇంట్లో గటక, పచ్చిమిరప తొక్కు తప్ప మరేమీ లేదు. కోడిని కొనే స్తోమతు లేదు. నాయినకు కడుపునిండా చేపల కూర పెట్టాలని మా అన్న, మేము, మరి ఇద్దరు పిల్లలము మధ్యాహ్నపు ఎండలో పెద్ద మడుగుకు పోయాము.

గాలంతో ఎన్ని పడతాయి? చెట్ల కింద రాలిన గారకాయలు ఏరి, బండ మీద దంచి నీళ్ళలో కలిపాము. నురగ లేచింది. కొంతసేపటికి పరకలు వెల్లకిలా తేలసాగాయి. తరువాత జెల్లలు. చివరకు ఊపిరి కోసం మళ్ళీ మళ్ళీ పైకి వచ్చిన కొర్రమీన్లను చేతులతోనే పట్టాము. ఒక గంప నిండింది. మేము ఏరుకోనివి, వేలెడంత పిల్లలు, నత్తలు, కప్పపిల్లలు, తెల్లగా నీటి మీద పరచుకొని ఉన్నాయి. వాటిని చూడకుండానే వచ్చేశాము.

ఆ రాత్రి నాన్నగారు తృప్తిగా తిన్నారు. "ఇన్ని యాడ దొరికినయిరా?" అని అడిగితే "వాగుల" అన్నాము. తాత మాత్రం పళ్ళెం ముట్టలేదు. ఆయన మమ్ములను కొట్టలేదు, నాన్నగారికి చెప్పనూ లేదు. తెల్లవారి మా ఇద్దరినీ మడుగు దగ్గరకు తీసుకొనిపోయి నిలబెట్టాడు. వాసన భరించలేకపోయాము. "ఇత్తనం గింజలు వండుకొని తిన్నట్టయింది గదరా బిడ్డా" అన్నాడు. అంతే.

ఆ జూలైలో వాగు వచ్చింది. డిండి వైపు నుండి కొన్ని పరకలు ఎదురెక్కి వచ్చాయి. కొర్రమీను రాలేదు. మూడేండ్ల వరకు మా వైపు ఎర్ర ముద్ద కనబడలేదు. మరుసటి ఎండాకాలం నాన్నగారు వచ్చి, "ఈసారి మడుగుల చేపల్లేవా?" అని నవ్వుతూ అడిగారు. మేము తల వంచుకొన్నాము. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి చెప్పలేకపోయాము.

తరువాత వేదాంత విద్య చదువుతున్న రోజుల్లో ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో పక్షి గూడు గురించిన ఆజ్ఞ చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాము. తల్లినీ పిల్లలనూ ఒక్కసారే తీసికొనకూడదని, అలా విడిచిపెట్టిన వానికి మేలును దీర్ఘాయువును కలుగునని అక్కడ ఉంది. తినవద్దని దేవుడు అనలేదు, తుడిచిపెట్టవద్దని అన్నాడు. చదువు రాని మా తాత కట్టుబాటు కూడా అదే. బ్రిటిషు ఇండియాలో 1897లో చేసిన చేపల చట్టం కూడా నీళ్ళలో విషం కలపడాన్ని, మందు పేల్చడాన్ని నేరమన్నది. ఆకలి మీద ఉన్న పిల్లలకు ఈ మాటలు తెలియవు. తాత చెప్పిన మాట మాత్రం మాకు తెలుసు. కనుక తెలియక చేశామని అనుకోలేము.

సెప్టెంబరులో పిల్లలతో మడుగు దగ్గరకు వెళ్ళితే, బండలు రెండూ ఉన్నాయి, మడుగు లేదు. ఏండ్ల తరబడి ఇసుక ఎత్తుకొని పోగా వాగు అడుగు మట్టి తేలి, ఆ మట్టి కొట్టుకొని వచ్చి మడుగు పూడిపోయింది. ఇసుక నీళ్ళను దాచే కుండవంటిది. అది పోతే చెలిమె ఊరదు, గట్టు మీది బావి ఊరదు, చేప నిలువదు. వాగుల్లో ఇసుక తోడకాన్ని అదుపు చేసే వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. అయినా రాత్రిపూట ట్రాక్టర్లు దిగుతూనే ఉన్నాయని ఊరివారు చెప్పారు. మేము గారకాయలతో ఒక్క ఏడు చేసిన పనిని మూడేండ్లలో వాగు తానే మాన్పుకొన్నది. ఇసుక పోయిన గాయం అలా మానదు.

ఊరికి దిగువన కట్టిన చిన్న చెక్‌డ్యాం దగ్గర నీళ్ళు నిలిచి ఉన్నాయి. తుంగ పక్కన మా చిన్నవాడు వంగి, "నాన్నా, ఎర్రగా ఏదో కదులుతున్నది" అన్నాడు. కొర్రమీను పిల్లలు! చేయి పెట్టబోయిన వాణ్ణి ఆపి, గట్టు మీద కూర్చోబెట్టి, గారకాయల సంగతి మొదటి నుండి చివరి దాకా చెప్పాము. నాన్నగారికి చెప్పలేనిది కొడుకుకు చెప్పగలిగాము.

ప్రియ పాఠకులారా, మీ ఊరిలో కూడా ఎండాకాలం ఎండని మడుగు ఒకటి ఉండే ఉంటుంది. అది ఎక్కడో పెద్దలను అడగండి, వారు ఉండగానే. అందులో విషం గాని, మందు గాని, కరెంటు తీగ గాని పెట్టనీయకండి. దాని చుట్టుపక్కల ఇసుక తీయనీయకండి. ఆకలైతే గాలం వేసి తినండి. విత్తనాన్ని మాత్రం రాబోయే తొలకరికి విడిచిపెట్టండి.