సున్నా ఎక్కడికి పోయింది?

ఉపాధ్యాయుడే లేని బడులెన్ని? పరీక్ష కోసం నేను కల్పించిన పట్టికలో అటువంటివి మూడున్నాయి. మేము నిర్మిస్తున్న డేటాబేసు మాత్రం ఒక్కటీ లేదంది. అదీ రెప్పపాటులో, ఎంతో ధీమాగా!

ప్రశ్న సరళమే: ప్రతి బడికీ ఉపాధ్యాయులను లెక్కించి, లెక్క సున్నా అయినవాటిని చూపించాలి. ఒక్కొక్క బడికోసం ఉపాధ్యాయుల పట్టికంతా వెతికితే ఆలస్యమని, నేను రాసిన నియమం ప్రకారం ఆప్టిమైజరు ఆ ప్రశ్నను తిరగరాసింది. ముందుగా ఉపాధ్యాయులను బడులవారీగా గుంపులు చేసి లెక్కించి, ఆ లెక్కలను బడుల పట్టికతో జతచేసింది. ఉపాధ్యాయులు లేని బడికి గుంపే ఏర్పడదు. గుంపే లేనప్పుడు సున్నా ఎక్కడినుంచి వస్తుంది?

ఈ పొరపాటు కొత్తదేమీ కాదు. 1982లో వోన్ కిమ్ ప్రతిపాదించిన పద్ధతిలోనే ఇది దాగి ఉంది. తరువాత కీస్లింగ్ దానిని బయటపెట్టాడు. 1987లో గాన్‌స్కీ, వాంగ్ ఔటర్ జాయిన్‌తో సరిదిద్దారు. దానికి ‘కౌంట్ బగ్’ అని పేరు. ఆ కథ చదివి ఉండీ, వేగం మీది మోజులో నేనూ ఆ గోతిలోనే పడ్డాను.

దిద్దుబాటు చిన్నదే. జత దొరకని బడిని కూడా నిలిపి ఉంచే ఔటర్ జాయిన్ పెట్టి, ఖాళీగా మిగిలిన లెక్కను సున్నాగా మార్చాను. మూడు బడులూ తిరిగి వచ్చాయి.

జవాబు ఆలస్యమైతే వాడుకరి విసుక్కుంటాడు. వేగంగా వచ్చిన తప్పును మాత్రం నమ్ముతాడు. ఆ నమ్మకంతోనే ఉపాధ్యాయులు లేని బడులు లేవని ఎవరో ఒకరు సంతకం చేయవచ్చు. అందుకే ఆ మూడు బడులనూ మా పరీక్షలలో శాశ్వతంగా ఉంచేశాను.