బెంచి మీదున్నవాళ్లు చూస్తుంటారు

ఆఫీసు టీం కోచ్ చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. యూరప్ క్లబ్బుల్లో మేనేజర్‌కి ఆటగాడి మీద కోపమొస్తే రెండు వారాల జీతం జరిమానా కింద పోతుంది, మరీ ముదిరితే జనవరిలో అమ్మేస్తారు. మా దగ్గర కుర్రాడు స్పోర్ట్స్ కోటాలో చేరిన ఉద్యోగి. జీతమిచ్చేది నేను కాదు, బదిలీ చేసేది నేను కాదు, ఇంక్రిమెంట్ ఆపేదీ నేను కాదు. ప్రొబేషన్ అయిపోయి ఉద్యోగం పర్మనెంటయిన మర్నాటి నుంచే కొందరి పరుగులో తేడా వస్తుంది. మోకాలి నొప్పి కూడా సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. నా చేతిలో ఉండేదల్లా ఒక్క కాగితం, ఆదివారం మ్యాచ్‌కి దిగే పదకొండు పేర్లు. హైదరాబాద్‌లో టీములను నడుపుతూ నేను నేర్చుకున్నదంతా ఆ కాగితం చుట్టూ తిరిగేదే.

మొండివాళ్లతో ఎలా వేగుతారు సార్ అని కొత్త కోచ్‌లు అడుగుతుంటారు. వేగాల్సింది మొండివాడితో కాదు. ఆలస్యంగా వచ్చిన స్ట్రయికర్‌ని మందలిస్తున్నప్పుడు నా కళ్లు వాడి మీద ఉండవు. ఐదున్నరకే గ్రౌండుకి వచ్చి, కోన్లు పరిచి, బంతుల్లో గాలి చూసి, సీజనంతా బెంచి మీదే కూర్చుంటున్న కుర్రాడొకడు ప్రతి టీములో ఉంటాడు. నేను చూసేది వాణ్ని. స్ట్రయికర్ ఇవాళ నా మాట విన్నా వినకపోయినా పెద్ద తేడా పడదు. ఈ కుర్రాడు మాత్రం రేపటి నుంచి ఆరింటికి వస్తాడా, ఐదున్నరకే వస్తాడా అనేది నేనిప్పుడు చేసేదాన్ని బట్టి ఉంటుంది. వాడు ఆరింటికి రావడం మొదలుపెట్టిన రోజున నా టీము పోయినట్టే. పోయిందన్న సంగతి పాయింట్ల పట్టికలో కనిపించడానికి ఇంకో రెండు నెలలు పడుతుంది, అంతే.

ఎదురు మాట్లాడేవాళ్లతో నాకెప్పుడూ పేచీ లేదు. నన్నెందుకు తీసేశారని గ్రౌండులోనే అరిచేవాడు మంచివాడు, వాడి కోపం సాయంత్రం చాయ్ తాగేలోపు దిగిపోతుంది. నా ముందు తలూపి, రాత్రి గదిలో ఇద్దరిని పక్కన కూర్చోబెట్టుకుని గుసగుసలాడే సీనియర్‌తోనే చిక్కు. వాడి ఆటకి వంక పెట్టలేం, ప్రవర్తనకి సాక్ష్యం దొరకదు.

మా ఎడమకాలి వింగర్ కథ చెబుతాను. చలికాలంలో ఒకసారి వారం రోజులు కనిపించలేదు. ‘నానమ్మకు సీరియస్‌గున్నది సార్, ఊరికి పోతున్న’ అని మెసేజ్ పెట్టాడు. నాలుగో రోజుకి మా మలయాళీ గోల్‌కీపర్ ఫోన్‌లోకి ఒక వీడియో వచ్చింది. మలబార్‌లో ఎక్కడో సెవెన్స్ టోర్నమెంటు. వెదుళ్లు, పోక మానులు కట్టి లేపిన గ్యాలరీ, ఫ్లడ్‌లైట్లు, ఊరు ఊరంతా అక్కడే ఉంది. మైకులో ఏదో కొత్త పేరు పిలుస్తున్నారు, ఆ పేరుతో బంతి తీసుకుని లైను వెంట దూసుకుపోతున్నది మావాడు. నానమ్మ ఎక్కడా కనిపించలేదు.

ఈ సెవెన్స్ సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఉత్తర కేరళలో, ముఖ్యంగా మలప్పురం వైపు, జట్టుకి ఏడుగురితో ఆడే టోర్నమెంట్లకు టికెట్లు కొని మరీ వేలమంది వస్తారు. ఫెడరేషన్ గుర్తింపు ఉండదు, అక్కడ కాలు విరిగితే ఇక్కడి ఆఫీసుకి సంబంధం ఉండదు. కానీ డబ్బు అప్పటికప్పుడు చేతిలో పడుతుంది. ఆఫ్రికా నుంచి వచ్చిన ఆటగాళ్లు కూడా ఆ సీజన్‌ని నమ్ముకుని అక్కడ ఆడతారు. మా టూర్ డి.ఎ. దాని ముందు ఎంత!

ఆ వీడియో నాకు చేరేసరికి టీమంతా చూసేసింది. టీములో జరిగేది అందరికంటే ఆఖర్న తెలిసేది కోచ్‌కే. తెలిశాక నేను తెలియనట్టు నటిస్తానా అని అందరూ కనిపెట్టుకుని ఉంటారు. వింగర్ తిరిగొచ్చిన రోజు వాణ్ని గ్రౌండు చివర ఇరానీ హోటల్‌కి తీసుకెళ్లాను. తిట్టలేదు. ఎంతిచ్చారు అని అడిగాను. చెప్పాడు. ఎందుకవసరం పడింది అన్నాను. చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు, వడ్డీవాడు ఇంటికొచ్చి కూర్చుంటున్నాడు.

అక్కడ రెండు పనులున్నాయి, వాటిని కలపకూడదు. అప్పు సంగతి వేరు. ఉద్యోగుల సహకార సంఘంలో లోను పెట్టించాను, హామీ సంతకం మా కెప్టెన్ చేశాడు. చెప్పకుండా వెళ్లడం వేరు. అందుకు రెండు మ్యాచ్‌లు బయట. టీముకి నేను చెప్పింది రెండో సంగతి మాత్రమే, అదీ రెండు వాక్యాల్లో. మొదటిది చెబితే నా మంచితనం పదిమందికీ తెలిసేది, వాడి పరువు పోయేది. వాడు లేని మొదటి మ్యాచ్ ఓడిపోయాం. ఆఫీసులో స్పోర్ట్స్ సెక్షన్‌వాళ్లు నా వంక అదోలా చూశారు. బెంచి మీదున్నవాళ్లు మాత్రం ఆ వారం ప్రాక్టీసులో ఎన్నడూ లేనంత గట్టిగా ట్యాకిల్ చేశారు, ఖాళీ అయిన చోటు నిజంగానే ఖాళీ అని నమ్మకం కుదిరింది కాబట్టి. ఇక వింగర్ ఆ తర్వాత సాధువేమీ అయిపోలేదు. ఆలస్యంగానే వచ్చేవాడు, కాకపోతే ఫోన్ చేసి ఆలస్యంగా వచ్చేవాడు.

మా ఊళ్లో కోచ్‌లందరికీ పెద్ద దిక్కు సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. ఆయన బడిపంతులు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీము ఆయన చేతి మీద తయారైందే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు సెమీఫైనల్‌కి వెళ్లి నాలుగో స్థానంలో నిలిచింది ఆయన కోచింగ్‌లోనే. ‘మైదాన్’ సినిమా వచ్చాక మా కుర్రాళ్లకి కనీసం పేరైనా తెలిసింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్ గురించి ఎవరైనా చెప్పేది ఒకటే. తలకి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు, జ్వరం నుంచి లేచిన తంగరాజ్‌ని గోల్‌లో నిలబెట్టాడు, దక్షిణ కొరియా మీద 2-1తో బంగారు పతకం గెలిచాడు అని. గోల్స్ కొట్టింది పి.కె. బెనర్జీ, జర్నైల్.

నేను ఈ కథ చెప్పేటప్పుడు ప్రద్యుత్ బర్మన్ దగ్గర ఆగుతాను. సెమీఫైనల్లో గోల్ కాసినవాడు ఆయన. ఆ మ్యాచ్ గెలిచిన టీములో ఉండి ఫైనల్ రోజు బయట కూర్చున్నాడు. స్టేడియంలో లక్షమంది మనవాళ్లకి వ్యతిరేకంగా అరుస్తున్న రోజది. అలాంటి రోజున బయట కూర్చున్నవాడి ముఖం ముడుచుకుంటే లోపలున్నవాడి కాళ్లకి తెలుస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే రహీం సాబ్ ఆ టీముని నడిపారు, మరుసటేడు జూన్‌లో పోయారు. జర్నైల్‌ని ముందుకి పంపడం తెలివి. తీసేసినవాళ్లతో సహా అందరినీ ఒకే తాటి మీద ఉంచడం అంతకంటే కష్టమైన పని, అది సినిమాకి పనికిరాదు.

అందుకే నా పద్ధతి ఒకటుంది. లిస్టు ఆదివారం పొద్దున పెడతాను, తీసేసినవాడికి మాత్రం శనివారం సాయంత్రమే విడిగా చెబుతాను. కారణం ఆటలోంచే చెబుతాను. ‘వాళ్ల రైట్ బ్యాక్ వేగం ఎక్కువ, నువ్వు వెనక్కి దిగడం లేదు, అందుకే’ అంటే వాడికి కోపం రావచ్చు గానీ అవమానం ఉండదు. నోటీసు బోర్డు మీద పేరు లేదని పదిమంది మధ్య తెలుసుకున్నవాడు ఏడాదైనా మరిచిపోడు.

అందరికీ ఒకటే రూలు అనే మాట నేను నమ్మను. మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ ఫెర్గూసన్‌ని అందరూ దండనకి మారుపేరుగా చెప్పుకుంటారు. ఆయన పక్షపాతం సంగతి ఎవరూ చెప్పరు. 1995 జనవరి 25న సెల్హర్స్ట్ పార్క్‌లో ఎర్ర కార్డు పడి బయటికి పోతూ ఆయన ఆటగాడు ఎరిక్ కాంటోనా, తనని తిట్టిన ప్రేక్షకుడి మీదికి ఎగిరి తన్నాడు. సెప్టెంబరు నెలాఖరు దాకా నిషేధం. మనిషి విసిగిపోయి ఇంగ్లండ్ వదిలేస్తానంటే ఫెర్గూసన్ పారిస్ దాకా వెళ్లి బుజ్జగించి తెచ్చుకున్నాడు. అక్టోబరు 1న తిరిగొచ్చి లివర్‌పూల్ మీద పెనాల్టీ గోల్ కొట్టాడు కాంటోనా. ఆ సీజన్లో లీగూ, ఎఫ్.ఎ. కప్పూ రెండూ మాంచెస్టర్ యునైటెడ్‌వే, కప్ ఫైనల్లో ఏకైక గోలు కూడా ఆయనదే. అదే ఫెర్గూసన్, 2005లో తన కెప్టెన్ రాయ్ కీన్ క్లబ్బు టీవీ చానల్‌కిచ్చిన ఇంటర్వ్యూలో తోటి ఆటగాళ్లను ఏకిపారేస్తే, దాన్ని ప్రసారమే కానివ్వలేదు. ఆ నవంబరులోనే పన్నెండేళ్ల బంధం తెగిపోయింది.

తప్పు పెద్దదా చిన్నదా అని చూస్తే ఈ రెంటికీ పొంతన కుదరదు, కాలు విసిరినవాడు ఉన్నాడు, మాట విసిరినవాడు పోయాడు. డ్రెస్సింగ్ రూంలోంచి చూస్తే కుదురుతుంది. కాంటోనా ప్రాక్టీసయ్యాక కూడా గ్రౌండులో ఉండిపోయేవాడు, ఆయన్ని చూసి కుర్రాళ్లూ ఉండిపోవడం మొదలుపెట్టారు. అలాంటివాడికి మినహాయింపిస్తే మిగతావాళ్లు ఒప్పుకుంటారు. కీన్ మాట తగిలింది ఆ మిగతావాళ్లకే. అయితే ఫెర్గూసన్‌కి కాంటోనా ఒక్కడే. మనవాళ్లు ఒక్కో టీములో ముగ్గురేసి కాంటోనాలను పెట్టుకుంటారు, ముగ్గురూ ప్రాక్టీసు అవకముందే వెళ్లిపోయేవాళ్లే.

2010 ప్రపంచ కప్‌లో ఫ్రాన్స్ సంగతి ఇంకో రకం. మెక్సికోతో మ్యాచ్ హాఫ్ టైంలో కోచ్ డొమెనెక్‌ని తిట్టాడని నికొలా అనెల్కాని ఇంటికి పంపేశారు. మర్నాడు నైస్నాలో టీమంతా ప్రాక్టీసు మానేసి బస్సులో కూర్చుంది. ఆటగాళ్లు రాసిన ప్రకటనని పాపం ఆ కోచే విలేకరులకి చదివి వినిపించాడు. శిక్ష తప్పని నేననను. కానీ ఆ టీము అంతకు చాలా ముందే ఆయన చేజారిపోయి ఉండాలి. మనం శిక్షించినవాడి పక్కన మిగతా అందరూ వెళ్లి నిలబడ్డారంటే శిక్ష పడింది మనకే.

పి.కె. బెనర్జీ తర్వాతి కాలంలో కోల్‌కతాలో కోచ్‌గా వెలిగినప్పుడు ఆయన డ్రెస్సింగ్ రూం ప్రసంగాలకి ‘వోకల్ టానిక్’ అని పేరు పడింది. నాకా విద్య లేదు. ఉన్నా నా గదిలో పనిచేయదు. తెలుగు, దక్కనీ, మలయాళం, మణిపురి మాట్లాడేవాళ్లు అందులో ఉంటే ఏ భాషలో ఉద్వేగపడాలి? నేను రైలు బెర్తులతో పనిచేస్తాను. టూర్‌కి వెళ్లేటప్పుడు బెర్తుల చార్టు నేనే రాస్తాను. పడని ఇద్దరికి ఒకే కూపేలో ఎదురెదురు బెర్తులు. నాగపూర్ దాటేసరికి ఒకడి ఇంటి నుంచి వచ్చిన టిఫిన్ డబ్బా రెండోవాడి ముందు తెరుచుకుని ఉంటుంది, స్నేహం వల్ల కాదు, ప్యాంట్రీ కారు అన్నం తినలేక.

రంజాన్ నెలలో ఉపవాసమున్నవాళ్లకి వేరే టైము పెడితే టీము రెండు ముక్కలవుతుంది. అందుకని అందరికీ సాయంత్రమే పెడతాను, పరుగులు తగ్గించి బంతితో పని, ఇఫ్తార్ గ్రౌండు మీదే. కార్తీకం వచ్చేసరికి ఒకరిద్దరు అయ్యప్ప మాల వేస్తారు. దీక్షలో చెప్పులు లేకుండా తిరిగే స్వామి బూట్లు వేసుకుని ఆడొచ్చా అనే చర్చ ప్రతి ఏడూ మొదట్నుంచి మొదలవుతుంది. మా గురుస్వామి ఒకాయన డ్యూటీ బూటుకి దోషం లేదన్నాక, పాతబస్తీ నుంచి వచ్చే మా సెంటర్ బ్యాక్ గొంతెత్తి ‘స్వామీ, మ్యాన్ ఆన్!’ అని అరుస్తుంటే అవతలి టీము బిత్తరపోయి చూస్తుంది. మాల వేసినవాడి మీద మా డ్రెస్సింగ్ రూంలో ఆ నలభై రోజులూ ఒక్క తిట్టూ పడదు. అంతకు మించిన క్రమశిక్షణ నేనెన్నడూ తేలేకపోయాను.

ఇప్పుడు కొత్త తలనొప్పి రీల్స్. ఈ ఏడు చేరిన పందొమ్మిదేళ్ల ఫార్వర్డ్ ఒకడున్నాడు. ఆటలో పస ఉంది, గోల్ కొట్టాక పరిగెత్తేది మాత్రం సహచరుల దగ్గరికి కాదు, లైను బయట ఫోన్ పట్టుకుని నిలబడ్డ స్నేహితుడి దగ్గరికి. మొన్న పాసిచ్చినవాడు చేతులు చాపి అలాగే నిలబడిపోయాడు. వాణ్ని నేను చూశాను, బెంచి మీదున్నవాళ్లూ చూశారు. ఈ ఆదివారం లిస్టులో కుర్రాడి పేరు పన్నెండోది. ఇంకా చెప్పలేదు. రేపు సాయంత్రం ప్రాక్టీసయ్యాక ఇరానీ హోటల్లో చెబుతాను, స్నేహితుణ్ని బయటే ఆగమని.