గాలి కబుర్లు

మన భాషలో గాలికి గౌరవం తక్కువ. పనికిమాలిన మాటలు గాలి కబుర్లు. నిలకడలేనివాడు గాలిమనిషి. చేతకానివాడు కట్టేవి గాలిమేడలు. గొప్పలు పోయేవాడికి నలుగురిలోనూ తగిన శాస్తి జరిగితే "గాలి తీసేశారురా!" అని సంతోషిస్తాము. ఇరవై యేళ్ళుగా కాలేజీలో తెలుగు చెప్పుకుంటున్న నాకు గాలితో వున్న పరిచయం యింతవరకే. అటువంటి నాచేత ఆ గాలిని తూకం వేయించి, అటో పౌండు యిటో పౌండు అని బేరాలాడించినది మా మామగారి కారు.

అది స్టాండర్డ్ హెరాల్డు. ఇంగ్లాండులో ట్రయంఫ్ హెరాల్డు అన్న పేరుతో పుట్టి, 1961 నుంచి మద్రాసులో తయారైన బండి. తరువాత మనవాళ్ళు దానికి నాలుగు తలుపులు పెట్టారు. ఇంగ్లాండులో దానికి ఆ భాగ్యం పట్టలేదు. మా మామగారు అటువంటి నాలుగు తలుపుల బండిని 1980లో సెకండ్‌హాండులో కొన్నారు. మా ఆవిడ పుట్టినదీ ఆ యేడే. అందుచేత ఆవిడకూ కారుకూ ఒక విధమైన తోబుట్టువుల వరస. పోట్లాటలూ అలాగే వుంటాయి. బండి నడిపేది ఆవిడే. నాకు డ్రైవింగు రాదు. పక్కన కూర్చుని సలహాలు చెప్పడానికి అది రానక్కరలేదని చాలామంది భర్తలకు తెలుసు.

మా అత్తగారికీ మామగారికీ పెళ్ళయి యాభై యేళ్ళయింది. అన్నవరం వెళ్ళి సత్యనారాయణస్వామి వ్రతం చేసుకోవాలని సంకల్పం. అంతవరకు బాగానే వుంది. "మన కారులోనే వెళ్ళాలి" అన్నారు మామగారు. రెండేళ్ళ కిందట ఆయన వెన్నుకు ఆపరేషను అయింది. ప్రయాణం చేయవచ్చునని డాక్టరు ఒప్పుకున్నారు గాని, కుదుపులు తగలకూడదని మరీ మరీ చెప్పారు. కాకినాడ నుంచి అన్నవరం దగ్గర దగ్గర 50 కిలోమీటర్లు. పిఠాపురం మీదుగా కత్తిపూడి, అక్కడనుంచి పెద్ద హైవే, ఆఖరున రత్నగిరి మీదికి మలుపుల ఘాటురోడ్డు. టైర్లు గట్టిగా వుంటే ముసలాయన వెన్నుకు ముప్పు. మెత్తగా వుంటే ఘాటురోడ్డు మీద అయిదుగురికీ ముప్పు.

పాత టైర్లు పగుళ్ళు వచ్చాయని కొత్తవి నాలుగూ వేయించాము. పెట్రోలు బంకు కుర్రాడు "ముప్ఫై అయిదు కొట్టానండీ, నాలుగింటికీ సమానంగా" అని ధర్మరాజులాగా చెప్పాడు. ఆ సాయంత్రం మామగారిని యెక్కించుకుని సామర్లకోట రోడ్డు మీద కాస్త దూరం తిరిగి వచ్చాము. రోడ్డు మీద అతుకు కనబడితే చాలు, బండి ఎగిరి గంతువేసింది. చినుకులు పడుతూండగా ఒక మలుపులో వెనకభాగం చేపతోకలాగా విదిలించింది. మా ఆవిడ బిగపట్టిన వూపిరి విడిచి బండి సర్దుకున్నది. ఇంటికి వచ్చాక మామగారు నడుం మీద చెయ్యి వేసుకుని మంచంమీద వాలారు. ఒక్కమాట అనలేదు. ఆయన మాట్లాడకపోవడమే మాకు భయం వేసింది.

హైదరాబాదులో వున్న మా బావమరిదికి ఫోను చేస్తే "దానిదేముంది బావగారూ! టైరు మీదే అచ్చువేసి వుంటుంది. ముప్ఫై అయిదు తక్కువే" అన్నాడు. అతనికి యేనుగంత కారు వుంది. అభిప్రాయాలూ అంతే పరిమాణంలో వుంటాయి. టైరు మీద వేసే అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠపు హద్దు. ఏ కారుకు యెంత కావాలో టైరు చేసినవాడికి యెలా తెలుస్తుంది? గుండిగ మీద పది శేర్లని రాసి వున్నంతమాత్రాన యింట్లో యిద్దరికీ పది శేర్లు వండుతామా? ఈ మాటే అతనితో అన్నాను. "మీరు తెలుగు మేష్టారు, మీతో వాదించలేను" అన్నాడు.

ఇక లెక్కకు వస్తాను. చదువరులు భయపడవద్దు, నాకు వచ్చిన లెక్కలు మీ పిల్లలు ఆరో తరగతిలోనే దాటేసి వుంటారు. మనం యిరవై నాలుగు, ముప్ఫై అనేది చదరపు అంగుళానికి అన్ని పౌండ్ల ఒత్తిడి. బండిని మోసేది ముఖ్యంగా రబ్బరు కాదు, లోపలి గాలి. హెరాల్డు బరువు సుమారు 800 కిలోలు. చక్రానికి 200 కిలోలు, అంటే 440 పౌండ్లు. ఒత్తిడి 22 అయితే, 440ని 22తో భాగించగా 20 చదరపు అంగుళాల మేర టైరు నేలను ఆనుకుంటుంది. మన తపాలా కార్డు 14 సెంటీమీటర్ల పొడుగు, 9 సెంటీమీటర్ల వెడల్పు. అది రమారమి అంతే వైశాల్యం! నాలుగు కార్డుముక్కల మీద మా కుటుంబమంతా ఊరేగుతున్నదన్నమాట. అదే 35 కొట్టిస్తే ఒక్కొక్క కార్డులో మూడోవంతుకు పైగా చింపి పారేసినట్లే. టైరు గోడల బిగువు కూడా కాస్త బరువు మోస్తుంది కనుక యిది ఉజ్జాయింపు లెక్క. అయినా బండి యెందుకు గంతులు వేసిందో, తడిరోడ్డు మీద యెందుకు జారిందో తెలియడానికి యిది చాలు.

తేలికబండికి మరొక చిక్కు వుంది. 1,600 కిలోల పెద్ద కారులో అయిదుగురు యెక్కి సామాను వేసుకుంటే దాని బరువులో నాలుగోవంతు కూడా పెరగదు. మా హెరాల్డులో మనిషికి 65 కిలోల చొప్పున అయిదుగురూ, మా అత్తగారి కలశం, పీటలు, కొబ్బరికాయలు, పులిహోర, మారుబట్టలూ చేరితే 360 కిలోలు. బండి బరువులో దరిదాపు సగం! పైగా ఆ బరువులో నాలుగింట మూడు వంతులు వెనక చక్రాలమీదనే పడుతుంది. కనుక పెద్ద కార్లవాళ్ళు యేడాది పొడుగునా ఒకే అంకెతో కాలక్షేపం చేసినా, మాకు మాత్రం యిద్దరం కూరగాయలకు వెళ్ళే రోజు అంకె వేరు, అన్నవరం వెళ్ళే రోజు అంకె వేరు.

ఈ హెరాల్డు వెనక యిరుసు ఒకటే కడ్డీ కాదు. నడుమనున్న డిఫరెన్షియల్ పెట్టె చట్రానికి బిగించి వుంటుంది. దానికి అటొకటి యిటొకటి సగం యిరుసులు పక్షి రెక్కలలాగా పైకీ కిందికీ ఆడతాయి. రెక్క వాలితే దాని చివరి చక్రమూ వాలుతుంది. మలుపులో మరీ వేగంగా తిప్పితే వెనకభాగం పైకి లేచి, బయటివైపు చక్రం అడుగు లోపలికి ముడుచుకుంటుంది. అక్కడినుంచి డ్రైవరు మాట చెల్లదు. మన రిపేరుదార్లకూ యజమానులకూ యిది నచ్చలేదేమో, 1972లో దీని స్థానంలో వచ్చిన గెజెల్‌కు మామూలు యిరుసే పెట్టారు.

అమెరికాలో యీ రెక్కల యిరుసు పెద్ద రభసే తెచ్చింది. షెవర్లే కంపెనీవారి కోర్వెయిర్ అనే కారుకు యింజను కూడా వెనకనే. 1960 నుంచి 1963 వరకు వచ్చిన బండ్లకు కంపెనీ చెప్పిన గాలి ముందు 15, వెనక 26. ఆ తేడాలోనే వుంది బండి నిలకడంతా. గాలి తక్కువైన టైరు మలుపులో పక్కకు యెక్కువ నలుగుతుంది. ఆ చివరే ముందుగా దారి తప్పుతుంది. ముందువైపు తప్పితే కారు మలుపు దాటి బయటికి పోతానంటుంది. కాలు తగ్గించి చక్రం మరి కాస్త తిప్పితే మాట వింటుంది. వెనకవైపు తప్పితే గానుగెద్దులాగా తన చుట్టూ తాను తిరుగుతుంది. కాని పదకొండు పౌండ్ల తేడా యెవరు గుర్తుపెట్టుకుంటారు? నాలుగింటికీ సమానంగా కొట్టే ధర్మరాజులు అక్కడా వున్నారు. 1965లో రాల్ఫ్ నేడర్ తన పుస్తకంలో యీ కారును మొదటి అధ్యాయంలోనే దుమ్మెత్తిపోశారు. 1972లో అక్కడి ప్రభుత్వ పరిశోధకులు పరీక్షించి, తక్కిన సమకాలపు కార్లకంటే యిది అధ్వాన్నమేమీ కాదన్నారు. ఎవరిది న్యాయమో నేను తేల్చను గాని, ఒక కారు భద్రతను బంకు కుర్రాడి జ్ఞాపకశక్తికి వదిలిపెట్టడం మాత్రం నాకు సబబుగా తోచదు.

మా హెరాల్డుకు యింజను ముందుంది, అంత ప్రమాదం లేదు. అయినా మామగారి పాత పుస్తకంలోనూ ముందు తక్కువ, వెనక యెక్కువ అనే వుంది. అయితే ఆ అంకెలు ఆ కాలపు క్రాస్‌ప్లై టైర్లకు. దారపు పొరలు ఏటవాలుగా ఒకదానినొకటి దాటుతూ అల్లినవి అవి. ఇప్పుడు మేము వేయించినవి రేడియల్ టైర్లు, 145/80 ఆర్ 13. వీటి గోడలు మెత్తన, నేలకు తగిలే పట్టీ బిగువు. వీటికి పాత అంకె మీద రెండు మూడు పౌండ్లు కలపాలి. ఒకే కారుకు రెండు రకాలూ కలిపి వేయడం మాత్రం కూడదు.

మామగారు, మా ఆవిడ, నేను కూర్చుని ముందు 24, వెనక 26 అని మొదలుపెట్టాము. అయిదుగురం యెక్కే రోజుకు వెనక 30. టైరు మీద 75 అని ఒక గుర్తు వుంది. అంటే అది హెచ్చు మోస్తే 387 కిలోలు. గాలి తగ్గితే ఆ శక్తీ తగ్గుతుంది. మా వెనక టైర్లు ఒక్కొక్కటి 320 కిలోలు మోయాలి కనుక 30కి తగ్గడానికి వీల్లేదని మా ఆవిడ పట్టుబట్టింది. ముందు చక్రాలు మెత్తగా వుంటాయి కనుక మామగారు ముందు సీటులో కూర్చోవాలని కూడా శాసించింది. ఆయన కిక్కురుమనలేదు.

తరువాత పరీక్ష. దీనికి కావలసిన పరికరం నా జేబులో యెప్పుడూ వుండేదే, సుద్దముక్క! టైరుకు అడ్డంగా గీత గీసి తిన్నని రోడ్డు మీద కాస్త దూరం నడిపి చూడాలి. నడుమ గీత చెరిగి అంచులు మిగిలితే గాలి యెక్కువ. అంచులు చెరిగి నడుమ మిగిలితే తక్కువ. రేడియల్ టైరు పట్టీ బిగువుగా వుంటుంది కనుక అంత స్పష్టంగా చెప్పదు గాని, ముందు టైర్ల మీద గీత దాదాపు సమంగానే చెరిగింది. వీధిలోవాళ్ళు మాత్రం మేష్టారికి కారే నల్లబల్ల అయిందన్నారు.

గాలిని పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. అయిదారు డిగ్రీల వేడి పెరిగితే ఒక పౌండు పెరుగుతుంది. దారిలో చూసి, అమ్మో యెక్కువైందని తీసేస్తే, మర్నాటికి చక్రం మెత్తబడి వుంటుంది. బంకు మిషను మాటా మన చేతి గేజీ మాటా ఒకటి కాకపోవచ్చు. పెద్ద బండికి రెండు పౌండ్లు లెక్కలోనివి కావు. 24లో రెండంటే పన్నెండో వంతు. అందుకని ఒక మంచి గేజీ కొని దానినే నమ్ముకున్నాము.

ప్రయాణం నాడు తెల్లవారుజామున 24, 30. కత్తిపూడిలో కాఫీకి ఆగినప్పుడు చూస్తే వెనక 33, వుండవలసినదే. ఘాటురోడ్డు మీద మా ఆవిడ నెమ్మదిగా, మలుపుకు ముందే వేగం తగ్గించి నడిపింది. పైన దిగి మామగారు నడుం నిటారుగా పెట్టి నిలబడ్డారు. వ్రతం అయ్యేదాకా పీటమీద అత్తగారి పక్కన కూర్చోగలిగారు. ప్రసాదం విస్తరాకు పొట్లాలు డజను కొని వెనక పెట్టించారు.

"అల్లుడుగారూ, స్టెప్నీలో గాలి చూశారా?" అన్నారు తిరుగుప్రయాణంలో.

స్టెప్నీ మన మాటలాగా కలిసిపోయింది గాని, అది వేల్సులో లానెల్లీ అనే వూళ్ళో ఒక వీధిపేరు. 1900 తరువాత ఆ వీధిపేరుతోనే అక్కడివాళ్ళు అదనపు చక్రాలు చేసి లోకమంతా అమ్మారు. ఈ సంగతి మామగారికి చెప్పబోయాను.

"ఆ వూరు సంగతి తరువాత. గాలి యెంత వుంది?"

"ముప్ఫై రెండండీ. యెటు వేయవలసి వచ్చినా తీసుకోవచ్చు, దారిలో కొట్టడమే కష్టమని మీ అమ్మాయి యెక్కువే పెట్టించింది."

"సరే, యిక ఆ వూరు సంగతి చెప్పండి" అని ఆయన సీటులో వెనక్కి వాలారు.